పచ్చ స్టిక్కరూ రొట్టెల పెంకా

పిల్లల మనసులు బాగుచేస్తామని మా జిల్లాకు వచ్చినవాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపం రావాలన్నా ఎదుటివాళ్ళ మీద కాస్త గౌరవం ఉండాలి కదా! నాకున్నది వెటకారం ఒక్కటే. అది ఇప్పటికీ తగ్గలేదు. "ఆ నోటికి తాళం వేసుకుని ఉంటే ఆ ఉద్యోగం ఇంకో ఏడాది నడిచేది" అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. ఆయన యరమరస్ కరెంటు ప్లాంటులో షిఫ్టు మనిషి. అరిచినా పక్కవాడికి వినపడనంత మోతలో పని చేస్తాడు కనక నోరు మూసుకోవడం ఆయనకు అలవాటైపోయింది. నాకు ఆ భాగ్యం లేదు.

నేను రాయచూరులో పుట్టి రాయచూరులోనే మెట్టినదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కూరగాయల బజారులో ఉర్దూ. ఇందులో గొప్పేమీ లేదు, మా ఊళ్ళో రిక్షా తొక్కే మనిషికైనా ఈ మూడూ వస్తాయి. చాలాకాలం ఒక ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పి, అక్కడి యాజమాన్యంతో పడక మానేశాను. ఇంట్లో ఖాళీగా కూర్చుని గోడలతో పోట్లాడుతున్న రోజుల్లో, పల్లెల్లో పిల్లల మీద పరిశోధన చేసేవాళ్ళకు దుబాసి కావాలని కబురొచ్చింది. వెళ్ళాను.

పరిశోధనకు పెద్ద ఒక మేడం. ఎక్కడో ఉత్తరాది మహానగరం నుంచి వచ్చింది. ఇంగ్లీషూ హిందీ తప్ప ఇంకో ముక్క రాదు. మనిషి చెడ్డది కాదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. ఎండలో నడుస్తుంటే తన గొడుగు నాకిచ్చేది. నా టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె అడిగి మరీ తినేది. కాని మంచితనం వేరు, లోకజ్ఞానం వేరు. మొదటిది ఆమెకు దేవుడు దండిగా ఇచ్చాడు, రెండోది ఇచ్చే సమయానికి ఆమె ఏదో సెమినారులో ఉన్నట్టుంది.

వాళ్ళ పని తీరు ఇది. రెండు బళ్ళు ఎంచుకుంటారు. బళ్ళు తెరిచిన వెంటనే రెండుచోట్లా ఎనిమిదో తరగతి పిల్లల్ని ప్రశ్నలడిగి వాళ్ళ మనసు ఎలా ఉందో కొలుస్తారు. తర్వాత ఆరు వారాలు ఒక బడిలో మాత్రం ఊపిరి పీల్చే పాఠాలు, బొమ్మలు గీయించడం, కళ్ళు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోవడం. రెండో బడిలో ఏమీ చెయ్యరు. చివర మళ్ళీ రెండుచోట్లా కొలుస్తారు. పాఠాలు విన్న బడి బాగుపడితే, ఆ ఘనత పాఠాలది. కొలత అయ్యాక ప్రతి పిల్లకూ ఒక స్టిక్కరు: ఎరుపైతే మనసు బాగా చెడినట్టు, పసుపైతే మధ్యస్తం, ఆకుపచ్చైతే భేష్. టమాటాలను ఏరినట్టే ఏరారు మా పిల్లల్ని.

సముద్రం సంగతి కాస్త చెప్పాలి. మా జిల్లాలో పిల్లలకు నీళ్ళంటే బోరింగు, కాలవ, దూరంగా కృష్ణ. "కళ్ళు మూసుకొని అలల చప్పుడు వినండి" అని మేడం హిందీలో అంటే నేను తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పేదాన్ని. పిల్లలు పాపం బుద్ధిగా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఒకత్తె ఒంటికన్ను తెరిచి, "టీచర్, అల అంటే ఏంది?" అంది. కాలవకు నీళ్ళు వదిలినప్పుడు గట్టుకు కొట్టుకుంటాయే, అదే అన్నాను. "అట్లైతే కాలవ అనొచ్చు గద!" అంది. 

ప్రశ్నలు ఇంకో తమాషా. "గత రెండు వారాల్లో నిద్ర సరిగా పట్టకపోవడం జరిగిందా?" అని అడగాలి. "జరిగింది టీచర్, దోమలు పీక్క తింటున్నయి" అంటుంది పిల్ల. నేను దోమలని చెప్తాను. మేడం దోమల్ని వదిలేసి 'నిద్రలేమి ఉంది' అని రాసుకుంటుంది. "దోమతెర కొనిస్తే సరిపోయే జబ్బు మేడం ఇది" అన్నాను ఒకసారి. నవ్వి ఊరుకుంది. ఆమె నవ్వు బాగుంటుంది. అదే వచ్చిన చిక్కు.

పాఠాలు జరిగిన బడి కవితాళ నుంచి లోపలికి పోతే వచ్చే ఒక మెట్టపొలాల ఊరు. ఊళ్ళో సగం ఇళ్ళలో కన్నడం, సగం ఇళ్ళలో మా రాయచూరు తెలుగు. పంట పని అయిపోగానే ఆ ఊరి పెద్దవాళ్ళలో చాలామంది బెంగళూరుకు బిల్డింగు పనులకు పోతారు. దాన్ని అక్కడ గుళే పోవడం అంటారు. చంటిపిల్లల్ని వెంట తీసుకుపోతారు, బడి పిల్లల్ని అవ్వలకు అప్పజెప్పి పోతారు. ఆ ఊళ్ళో మీరు పగటిపూట తిరిగితే ముసలివాళ్ళూ పిల్లలూ తప్ప మధ్యలోవాళ్ళు కనపడరు. ఇది తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు, బస్సు దిగి నాలుగు వీధులు నడిస్తే చాలు.

మొదటి కొలతలో ఎర్ర స్టిక్కరు వచ్చిన వాళ్ళలో ఒక పిల్ల ఉంది. సన్నగా, పొడుగ్గా, ఎవరైనా పిలిస్తే ముందు నేలను చూసి తర్వాత మనల్ని చూసే పిల్ల. గొంతు ఎంత చిన్నదంటే, జవాబు వినాలంటే నేను వంగాల్సి వచ్చేది. ఆమె ఎడమ చెవి వెనక అరచేయంత మేర జుట్టు లేదు. వాళ్ళ అవ్వ అది పేనుకొరుకుడని నమ్మి వెల్లుల్లి నూరి రుద్దుతోంది. పేనూ కాదు, పాడూ కాదు. పిల్ల మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి దానంతటదే చెవి వెనక్కి పోయేది, వేళ్ళ మధ్య ఒక వెంట్రుక చుట్టుకునేది, లాగేది. తను చేస్తున్నట్టు తనకే తెలియదు.

"ఎప్పటి నుంచి గిట్లున్నదవ్వా?" అని వాళ్ళ అవ్వనడిగాను.

"దీని అమ్మ పోయినకాడి నుంచి" అంది ముసలామె.

"అయ్యో, ఎప్పుడు పోయింది?"

"దీపావళైనంక పోయింది బెంగళూరుకు. నువ్వేందమ్మా, అట్ల జూస్తవ్? సచ్చిందనుకుంటివా ఏంది? నా బిడ్డ దుక్కలా ఉన్నది" అని నన్నే కసిరింది.

అదన్నమాట సంగతి. తల్లీ తండ్రీ ఇద్దరూ బెంగళూరులో. పిల్ల జుట్టు పీక్కుంటోంది. నేను పీయూసీ పాసై, తర్వాత కరస్పాండెన్సులో డిగ్రీ వెలగబెట్టినదాన్ని. నాకే అర్థమైంది. మేడం మాత్రం ఆ పిల్లకు ఊపిరి పాఠం రెండింతలు చెప్పమంది. నాలుగు లెక్కపెడుతూ పీల్చు, నాలుగు లెక్కపెడుతూ బిగబట్టు, నాలుగు లెక్కపెడుతూ వదులు. ఏడుపొచ్చినా ఇదే, కోపమొచ్చినా ఇదే. పిల్ల శ్రద్ధగా నేర్చుకుంది. శ్రద్ధకేం తక్కువ? ఏది చెప్పినా చేసే పిల్ల.

ఇక రెండో బడి. పాఠాలు చెప్పని బడి. అది కాలవ కింద ఆంధ్రా రైతుల క్యాంపులో ఉంది. కోస్తా నుంచి తాతల కాలంలో వచ్చి వరి వేసుకుంటున్నవాళ్ళు. అక్కడ గుళే పోవడాలు లేవు, అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు. ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి పోల్చడమేమిటని నేనడిగితే, రెండు ఊళ్ళకూ ఒకే బస్సు పోతుందంది మేడం. అదీ శాస్త్రం! క్యాంపులో ఒక పెద్దాయన మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "మా పిల్లల మనసులకేం ఢోకా లేదండీ. కాలవకి నీళ్ళెప్పుడొదులుతారో అది కనుక్కుని చెప్పమనండి మీ మేడం గారిని. నారుమడి ఎండిపోతోందండీ బాబూ" అన్నాడు. నేను హిందీలోకి మార్చాను. అది తన పరిశోధన పరిధిలోకి రాదంది మేడం.

చివరి కొలత ఏ వారంలో పెట్టారో చూసి నేను నెత్తి కొట్టుకున్నాను. సరిగ్గా పీర్ల పండుగ వారం.

"మేడం, ఆ వారం వద్దు. పండుగైపోయి, జనం మళ్ళీ వెళ్ళిపోయాక కొలవండి" అన్నాను.

ఆమె లాప్‌టాప్ తెరిచింది. ఊరి జనాభా వివరాలన్నీ అందులో ఉన్నాయి. వేలు పెట్టి చూపించింది. "ఈ ఊళ్ళో ముస్లిం కుటుంబం ఒక్కటి కూడా లేదు. మొహర్రం ఇక్కడి పిల్లల మీద ఎలా ప్రభావం చూపిస్తుంది?"

నాకు నవ్వాగలేదు. పడీ పడీ నవ్వాను. ముస్లిం ఇల్లు లేకపోతే పీర్లు లేవా! ఆ ఊళ్ళో పీర్ల చావిడికి సున్నం కొట్టేది మనవాళ్ళే, పీర్లను ఎత్తేది మనవాళ్ళే, నిప్పులు పోసిన అలాయి గుంత చుట్టూ తెల్లవార్లూ ఎగిరేదీ మనవాళ్ళే. పిల్లలకు జబ్బు చేస్తే పీర్లకు మొక్కుకుంటారు, మొక్కు తీర్చడానికి మెడలో ఎర్రదారం వేసి ఫకీరును చేస్తారు. ఉగాదికి రానివాడు, దీపావళికి రానివాడు, సొంత తమ్ముడి పెళ్ళికి రానివాడు కూడా పీర్లకు వస్తాడు. బెంగళూరు నుంచి బస్సుల టాపు మీద కూర్చుని వస్తారు. ఇదంతా చెప్పాను. మా జిల్లాలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

మేడం శ్రద్ధగా విన్నది. "చాలా ఆసక్తికరంగా ఉంది" అంది. తర్వాత, "కాని ప్రోటోకాల్ మార్చలేం" అంది. ప్రోటోకాల్ అనే మాట ఆమెకు మా అమ్మమ్మకు రామనామం లాంటిది. అది నోట్లో ఉన్నంతసేపూ ఇంకేదీ చెవికెక్కదు.

పండుగొచ్చింది. ఊరు నిండింది. నేనూ వెళ్ళాను, పీర్లకు చేసే తీపి రొట్టెలు, చోంగ్యాలు తినిపోదువుగాని రమ్మని ఆ అవ్వ పిలిచింది మరి. నేను పోయేసరికి అప్పుడే పిల్ల తల్లి బస్సు దిగి వచ్చింది. సిమెంటుకు అరచేతులు పగిలిపోయి ఉన్నాయి, చీర మాత్రం కొత్తది. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. పరుగెత్తలేదు, కౌగిలించుకోలేదు. తల్లి చేతి సంచుల వైపు చూసి, ఆ పిట్టగొంతుతో అడిగింది.

"పెంక తెచ్చినవా?"

"ఎందుకు తెస్తనే? పండక్కొచ్చిన. పెంక ఆడనే ఉన్నది, పక్క షెడ్డామెకు ఇచ్చొచ్చిన" అంది తల్లి.

పెంక అంటే రొట్టెలు కాల్చే ఇనప పెనం. గుళే పోయే ఆడది ఏది వదిలినా తన పెంక వదలదు. చాప పోయినా కొనుక్కుంటుంది కాని, ఏళ్ళ తరబడి కాలి కాలి నున్నబడిన పెంక మళ్ళీ దొరకదు. పండక్కి చుట్టపుచూపుగా వచ్చేటప్పుడు దాన్ని పనిచోటే ఉంచి వస్తుంది. ఇక పోను అనుకున్నప్పుడే దాన్ని మూటగట్టుకుని వస్తుంది. ఈ లెక్క ఆ ఊరి పిల్లలందరికీ తెలుసు. పిల్ల తలూపి లోపలికి పోయింది.

అయినా పండుగ పండుగే. తల్లి మొక్కుకుందట, పిల్లకు జుట్టు వస్తే ఫకీరును చేస్తానని. జుట్టు రాకముందే ఎర్రదారం వేసేసింది, దేవుడికి బయానా ఇచ్చినట్టు. రోజూ పొద్దున్నే పిల్లను రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని నూనె రాసేది. ఆ పిల్ల నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. కింది పన్ను ఒకటి వంకర. చెయ్యి ఒళ్ళోనే ఉంది, చెవి వెనక్కి పోలేదు. చెవి వెనక నూగు లాంటిది మొలవడం కూడా మొదలైంది.

ఆ వారంలోనే మేడం కొలిచింది. ఇంకేముంది! తరగతి తరగతంతా పచ్చగా ఐపోయింది. ఎర్ర స్టిక్కర్లు వెతికినా లేవు. మా పిల్లకూ పచ్చదే. హెడ్మాస్టరు, మనిషి మంచివాడే గాని బయటివాళ్ళు వస్తే పెళ్ళివారి ముందు పెళ్ళికూతురి తండ్రిలా ఐపోతాడు, ఆయన పచ్చవాళ్ళను వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. అక్కడ క్యాంపు బళ్ళోనేమో కాలవకు నీళ్ళు రాక ఇళ్ళలో మొగుడూపెళ్ళాలు చిటపటలాడుకుంటున్నారు, పిల్లల మొహాలు వేలాడిపోయి ఉన్నాయి. అక్కడ కొలత కిందికి పోయింది. మేడం కళ్ళు మెరిశాయి. "చూశారా, మన పాఠాలు లేనిచోట పిల్లలు ఇంకా దిగజారారు" అంది. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికి ఒక ముసలమ్మ. ఆవిడకు డాక్టరేటు లేదంతే తేడా.

ఇంతవరకైతే నేను నవ్వుకుని ఊరుకునేదాన్ని. కాగితం మీద ఎవరెంత గొప్పగా రాసుకుంటే నాకేం? కాని మర్నాడు ఆ పిల్ల తల్లి బడికొచ్చింది. వరండాలో నన్ను పట్టుకుంది.

"అక్కా, బిడ్డ నెత్తి జూసినకాడి నుంచి నా పానం పానంల లేదు. ఆయన పోతే పోతడు, నేను ఇంటికాడనే ఉందామనుకుంటున్న. మేస్త్రి బండి రేపొస్తది. ఇంకా మాట ఇయ్యలేదు నేను. జర డాక్టరమ్మను అడుగు, పోవాల్నా, ఉండాల్నా. ఆమె ఎట్లంటే గట్ల."

అడిగాను. చేతులు జోడించి అడిగానంటే నమ్మండి. మేడం ఆ తల్లి చేయి పట్టుకుని, ఎంతో ఆప్యాయంగా చెప్పింది: మీ అమ్మాయి ఇప్పుడు పచ్చలో ఉంది, మా కార్యక్రమం ఆమెకు బాగా పనిచేసింది, మీరు ఏ దిగులూ లేకుండా పనికి వెళ్ళవచ్చు.

దుబాసిని కనక ఆ మాటలు అలాగే చెప్పాను. చెప్పి, "ఇది మేడం మాట. నా మాట అడిగితే, ఉండు. పోవద్దు" అన్నాను.

ఆమె నా మొహం చూసింది, మేడం మొహం చూసింది. నేనెవరిని? కాటన్ చీర కట్టుకుని, పొద్దునే బస్సులో వేలాడుతూ వచ్చేదాన్ని. ఆమె కారులో వచ్చేది. "ఆమె డాక్టర్ గదా అక్కా" అంది తల్లి. "సూదిమందు డాక్టరు కాదే, చదువుల డాక్టరు" అన్నాను. "ఏ డాక్టరైతేంది? మంచిగైందని డాక్టరే అన్నంక, నేను ఇంట్ల కూసోని చేసేదేముంది?" అంది. లోపలికి వెళ్ళి పిల్ల గుండెల మీద అంటించిన పచ్చ స్టిక్కరును వేలితో ఒకసారి తడిమింది. అందరూ చప్పట్లు కొట్టాక బాగాలేదని ఆ పిల్ల ఎలా అంటుంది?

మర్నాడు మేస్త్రి క్రూజరు వచ్చింది. తల్లి ఎక్కిపోయింది.

కొన్ని వారాల తర్వాత రాయచూరులో సభ పెట్టారు. పెద్ద హాలు, ఏసీ, సమోసాలు, జిల్లాలోని పెద్దమనుషులు. తెర మీద రెండు గీతలు చూపించారు. పాఠాలు చెప్పిన ఊరి గీత పైకి, క్యాంపు గీత కిందికి. ఆ పైకి పోయే గీతలో నాకు బస్సు టాపు మీద కూర్చుని వచ్చే జనం కనపడ్డారు. ఇంకెవరికీ కనపడలేదు. ఎరుపు నుంచి పచ్చకు వచ్చిన పిల్ల అని మా పిల్లను హెడ్మాస్టరు వెంటబెట్టుకు వచ్చాడు. చున్నీ తలమీదుగా లాగి పిన్నీసు పెట్టుకుని ఉంది. చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది.

వేదిక మీద మేడం హిందీలో అడిగింది, నేను తెలుగులో చెప్పాను. "నీకు ఏం చేస్తే మంచిగైంది? అందరికీ చెప్పు."

మైకు దగ్గర పెట్టినా ఆ గొంతు పెరగలేదు. "పండక్కి అమ్మొచ్చింది. అమ్మ ఉన్నన్ని దినాలు మంచిగుండె. ఇప్పుడు అమ్మ లేదు."

అక్షరం పొల్లుపోకుండా హిందీలో చెప్పాను. రెండుసార్లు చెప్పాను, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా వినపడాలని. సమోసాలు నములుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. అమ్మయ్య, ఇప్పటికైనా అర్థమైంది అనుకున్నాను. మేడం మైకు అందుకుంది. నవ్వింది. "చూశారా! మా పాఠాలకు ముందు ఈ అమ్మాయి నోరే విప్పేది కాదు. ఈ రోజు తన భావాలను ఇంత స్పష్టంగా చెప్పగలుగుతోంది. మా కార్యక్రమం సాధించిన ఫలితం ఇదే."

చప్పట్లు. ఛీ! ఇప్పటికీ ఆ చప్పట్లు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మైకు లాక్కుని నాలుగు దులిపేదాన్నే, కాని పిల్ల అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోతోంది.

హాలు వెనక, వంటవాళ్ళు గిన్నెలు కడిగే చోట గట్టు మీద కూర్చుని ఉంది. చున్నీ జారింది. చెవి వెనక మొలిచిన నూగు లేదు. అరచేయంత మేర ఉన్న చోటు ఇప్పుడు నడినెత్తి దాకా పాకింది. వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తోంది. లెక్కపెడుతున్నట్టు పెదాలు కదులుతున్నాయి.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఊపిరి బడుతున్న టీచర్. ఊపిరి బడితే ఏడుపు రాదని మేడం చెప్పింది గద." కళ్ళు తెరిచి, "మల్ల అడుగుతరా టీచర్, ప్రశ్నలు? ఈసారి ఎర్రది వస్తే అమ్మకు ఫోన్ చేస్తరా?" అంది.

నేను ఎవరి అనుమతీ అడగలేదు. అక్కడే నిలబడి తల్లికి ఫోను కలిపాను. అవతల కాంక్రీటు మిషను మోత. ఫోను పిల్ల చేతికిచ్చాను. "ఆఁ... మంచిగున్న... తిన్న... ఆఁ, పోతున్న బడికి" అంటోంది. మాటకూ మాటకూ మధ్య నాలుగు లెక్కపెట్టుకుంటోంది. ఇన్నాళ్ళుగా తల్లి వింటున్నది ఇదే.

"ఏమి ఊపిరే అది! వదిలెయ్! ఏడువు! నీ అమ్మ దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర ఏడుస్తవే? ఏడువు తల్లీ!" అని అరిచాను. వంటవాళ్ళు గిన్నెలు ఆపి చూశారు.

పిల్ల నా వైపు చూసింది. బిగబట్టిందంతా ఒక్కసారిగా వదిలింది. అంత చిన్న గొంతులో అంత ఏడుపు ఎక్కడ దాచిపెట్టుకుందో! "అమ్మా... అమ్మా..." అంటోంది, ఇంకో మాట రావడం లేదు. ఫోను నేను తీసుకున్నాను.

"ఏమైందక్కా? ఏందక్కా గిట్లేడుస్తున్నది? మంచిగైందని డాక్టరమ్మ అనె గద? పచ్చది వచ్చె గద?" అంది తల్లి.

"ఆ పచ్చ నువ్వు ఇంట్ల ఉంటే వచ్చిందమ్మా. పాఠాలతోటి రాలేదు. నువ్వు పోంగనే పాయె."

అవతల మిషను మోత ఒక్కటే. తర్వాత అదీ ఆగిపోయింది. ఫోను కట్ అయింది.

సభలో నేను మాటలు రెండుసార్లు ఎందుకు చెప్పానని వాళ్ళు అడిగారు. సహకార ధోరణి లేదని చెప్పి నన్ను సాగనంపారు. సంతోషం. గోడలతో పోట్లాటకు తిరిగొచ్చేశాను. కాని మనసు ఒప్పుకోక, ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి ఆ ఊరు పోయాను, పిల్లను రాయచూరు పెద్దాసుపత్రిలో అసలు డాక్టరుకు చూపిద్దామని. అవ్వా నేనూ పిల్లా బస్టాపులో తిరుగు బస్సు కోసం కూర్చున్నాం. ఎదురు దిక్కు నుంచి వచ్చిన బస్సు ఒకటి రోడ్డుకు అవతల ఆగింది.

తల్లి దిగింది. ఒక్కతే. జుట్టు రేగిపోయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నెత్తిన చాపచుట్ట, చంకలో సంచి. నేను గబుక్కున లేచాను. అవ్వ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరు, ఎవరు అంటోంది. పిల్ల మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలలేదు. చెయ్యి చెవి వెనక్కి పోయింది. కళ్ళు తల్లి మొహం మీద లేవు, సంచి మీద ఉన్నాయి.

తల్లికి అర్థమైంది. రోడ్డు మధ్యలోనే ఆగి, చాపచుట్ట కింద పడేసి, సంచిలో చెయ్యి పెట్టింది. పాత చీర ముక్కలో చుట్టిన దాన్ని బయటికి తీసి, ఆ గుడ్డ విప్పి, రెండు చేతులతో పైకెత్తి చూపించింది. మసిబారి, అంచు ఒకచోట చిట్లిన ఇనప పెంక.

పిల్ల ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. రోడ్డు మీద ఉంది, పరుగెడుతోంది. వినాలంటే మనం వంగాల్సినంత చిన్న గొంతు కదా, ఆ పొద్దు ఊరి చివరి ఇంటికి కూడా వినపడింది.

"అవ్వా! అమ్మ పెంక తెచ్చింది! అవ్వా, పెంక తెచ్చింది!"